పది కాదు

గెర్షన్ గారు మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు చూపుడు వేలు కాస్త ఎత్తి, వరసలో ఒక్కొక్కరి మీదుగా నడిపిస్తూ, "ఒకటి కాదు, రెండు కాదు, మూడు కాదు" అనేవారు. మనుషుల్ని అంకెలతో లెక్కపెడితే దిష్టి తగులుతుందని ఆ యూదుల మందిరంలో అందరి నమ్మకం. మృత్యువు ఎప్పుడూ పక్కనే నిలబడి వింటూ ఉంటుంది. మనం ఎంతమందిమి మిగిలామో దానికి తెలియనివ్వకూడదు. అందుకని ప్రతి అంకె పక్కనా ఒక 'కాదు' చేర్చి దాన్ని ఏమార్చాలి. 'పది కాదు' దాకా వస్తేనే ప్రార్థన పూర్తిగా సాగుతుంది. పదిమంది యూదులు లేని చోట, పోయినవాళ్ళ కోసం చెప్పే కద్దిష్ చెప్పడానికి వీల్లేదు.

ఆ వేలు నా దగ్గరికి వచ్చేసరికి కొంచెం పైకి లేచేది. దారిలో నీళ్ళు నిలిచిన చోట కాలెత్తి దాటినట్టు నన్ను దాటి, నా తర్వాతి మనిషి మీద దిగేది. అందులో కోపం గానీ చిన్నచూపు గానీ లేవు. నేనింకా యూదురాలిని కాను. చదువుకుంటున్నాను, వస్తున్నాను, పోతున్నాను, అంతే. ఆ సంగతి అందరికంటే నాకే బాగా తెలుసు. అయినా పదకొండు నెలలపాటు వారం వారం ఆ వేలు పైకి లేచినప్పుడల్లా, నేను అక్కడ ఉన్నానా లేనా అని నా చేతులు నేనే చూసుకునేదాన్ని.

మొదట నేను ఆ మందిరంలో అడుగుపెట్టింది కిటికీ తెరల కొలతల కోసం. కేప్ బ్రెటన్ దీవిలో ఆ బొగ్గు గనుల ఊళ్ళో, రేవు వీధి కుట్టు దుకాణంలో పని నాది. నేను వెళ్ళేసరికి ఏడెనిమిది మంది ముసలివాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని పోట్లాడుకుంటున్నారు. చూపు పోయిన ఇస్సాకు దగ్గరికి యాకోబు తన అన్న వేషంలో వచ్చి ఆశీర్వాదం కాజేసిన కథ. పొరుగింటి ఆవు నిన్న సాయంత్రం తమ తోటలో పడ్డట్టు మాట్లాడుతున్నారు.

"చూపు పోతే పోనీ, కొడుకు గొంతు పోల్చుకోలేడా?" అంది ఒక ముసలామె. ఆమె పేరు ఎట్టా అని తర్వాత తెలిసింది.

"పోల్చుకున్నాడు. తెలిసే ఊరుకున్నాడు," అన్నాడు ఎదురుగా కూర్చున్న మోరీ. ఆయన ఒకప్పుడు మందుల దుకాణం నడిపిన మనిషి. ఆ ఊళ్ళో రబ్బీ లేడు కాబట్టి ప్రార్థన నడిపించేదీ ఆయనే.

"నీకు చెప్పాడా?"

"నీకు చెప్పలేదుగా!"

చాలాసేపటికి మోరీ నన్ను చూసి, "కొలిచావా అమ్మాయ్?" అన్నాడు.

"లేదండీ."

"మరి గంట నుంచీ ఏం చేస్తున్నావు?"

"వింటున్నాను."

మా పల్లె బడిలో ఒకటే గది. చిన్న తరగతి పిల్లలం వెనక బెంచీలో కూర్చుని పెద్ద తరగతుల పాఠాలు వినేవాళ్ళం. వినడం తప్ప నాకు వేరే విద్య పెద్దగా రాదు. మా ఇంటి చర్చిలో దేవుడితో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించేవాళ్ళం. వీళ్ళు గొంతు పెంచుతున్నారు. అది నాకు నచ్చింది. ఎందుకు నచ్చిందో అంతకంటే బాగా ఇప్పటికీ చెప్పలేను. తెరలు కుట్టి ఇచ్చాక కూడా శనివారాలు వెళ్ళడం మొదలుపెట్టాను.

నెలకోసారి పట్నం నుంచి వచ్చే రబ్బీని అడిగితే మొదటిసారి వద్దన్నాడు. రెండోసారి ఎందుకన్నాడు. మూడోసారి ఫోన్ ఎత్తలేదు. అడిగినవాళ్ళని మూడుసార్లు తిప్పి పంపడం వాళ్ళ ఆచారమట. నాలుగోసారి ఒక పుస్తకం పంపి, హీబ్రూ అక్షరాలు నేర్చుకో అన్నాడు. మా అమ్మకి చెబితే, "మన పాదిరి గారికి జలుబు తప్ప ఏం లోపం ఉందే, ఊనా?" అంది.

ఎట్టా అయితే మొహం మీదే అంది. "నీకు కష్టాలు చాలక వచ్చావా పిల్లా? మేం పుట్టాం కాబట్టి పడుతున్నాం. నీకేం పట్టింది?"

కానీ మిగతావాళ్ళు మంచిగా ఉండేవారు. నేను ఊహించినదానికంటే మంచిగా. మొదటి శనివారం ఎక్కడ కూర్చోవాలో తెలియక, మూడో వరసలో కిటికీ పక్క చోటు ఖాళీగా కనిపిస్తే అక్కడ కూర్చున్నాను. గదిలో మాటలు ఒక్కసారి ఆగిపోయాయి. తర్వాత మళ్ళీ మొదలయ్యాయి. రెండో వారానికి ఆ చోట ఒక దిండు ఉంది. గెర్షన్ గారు ప్రతివారం నా దగ్గర ఆగి, "చలిగా ఉందా అమ్మా? కిటికీ మూయనా?" అని అడిగేవారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, కిటికీ దాకా వంగి, అది మూసే ఉన్నా సరే, గడియ ఒకసారి నొక్కి చూసి వెళ్ళేవారు. నేను చదువుతూ తప్పులు పలికినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. నన్ను కలుపుకున్నారని మా అమ్మకి ఉత్తరం రాశాను.

ఆ ఉత్తరం రాసిన నెలకి, శీతాకాలం మొదట్లో, వంటగదిలో కప్పులు కడుగుతుంటే అల్మరా పక్క గోడ మీద ఒక పాత ఫోటో కనిపించింది. సముద్రం ఒడ్డున విహారానికి వెళ్ళినప్పటిది. అందులో ఒక అమ్మాయి నా వయసుదే, తల కొంచెం పక్కకి వంచి నవ్వుతోంది. నాకూ ఫోటోల్లో తల అలాగే వంగుతుంది.

"ఎవరండీ ఈమె?"

ఎట్టా పళ్ళెం తుడుస్తూనే ఉంది. "గెర్షన్ కూతురు. ఫ్రూమా. నువ్వు కూర్చునే చోటు దానిదే."

నేను కప్పు నీళ్ళల్లోనే వదిలి ఫోటోకి దగ్గరగా వెళ్ళాను.

"ఇరవై తొమ్మిదేళ్ళయింది. గడ్డకట్టిన రేవు మీదుగా అడ్డదారిన నడిచొస్తోంది. మార్చి నెల, మంచు పైకి గట్టిగానే ఉంది, కాలి కింద విరిగింది. ఇరవై నాలుగేళ్ళు దానికి." పళ్ళెం అల్మరాలో పెట్టింది. "అప్పట్నించీ ఆ చోట ఎవరూ కూర్చోలేదు. నువ్వొచ్చి చక్కగా కూర్చున్నావు. లెమ్మని ఎవరం చెప్పగలం? ఆ ముసలాయన మొహం చూశావా ఆ రోజు?"

"నాకు ముందే చెప్పాల్సింది."

"చెబితే?" అంది ఎట్టా. "లేచి వెళ్ళిపోయేదానివి. ఆయనకి మళ్ళీ ఖాళీ బెంచీ."

ఆ తర్వాత ఆ చోట కూర్చోవడం మునుపటిలా లేదు. చెక్క మీద మోచేయి ఆనించే చోట అరిగిన గుంట ఉంటే, అది నా మోచేతికి సరిపోతోందని గమనించాను. ముందున్న అరలో ప్రార్థన పుస్తకం లోపలి అట్ట మీద పెన్సిల్‌తో రాసిన పేరు సగం చెరిగి ఉంది. కిటికీ గట్టిగా మూసి ఉన్నా మడమల దగ్గర చలి తగిలేది. ఒక్కోసారి తడిసిన ఉన్ని వాసన వచ్చేది. బయట మంచులో నడిచొచ్చిన వాళ్ళ కోట్ల వాసనే అని సర్దిచెప్పుకునేదాన్ని. మంచు పడని వారాల్లో కూడా వచ్చేది. నేను దగ్గితే ముందు వరసలో గెర్షన్ గారి తల గిరుక్కున తిరిగేది. ఆ మొహంలో ఒక వెలుగు వచ్చి, అది నా మీద కాసేపు ఆగి, నన్ను దాటి పోయేది. దిండు ఆమెకి. కిటికీ ఆమెకి. తప్పులు దిద్దకపోవడం కూడా ఆమె మీది జాలే అనిపించింది. మరి నాకోసం అక్కడ ఏముంది? వేలు పైకి లేచి దాటిపోవడం ఒక్కటే నాది.

ఒక శనివారం వెనక వరసలో కూర్చున్నాను. గెర్షన్ గారు లెక్క మొదలుపెట్టారు. "నాలుగు కాదు," అని ఆ ఖాళీ చోటు దగ్గర ఆగారు. వేలు గాలిలోనే ఉండిపోయింది. "నాలుగు కాదు... నాలుగు కాదు..." మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టారు. మళ్ళీ అక్కడే ఆగారు. మూడోసారీ ఆ చోటు దాటలేకపోయారు.

ఎట్టా వెనక్కి తిరిగి నా మీద బుసకొట్టింది. "నీ చోటుకి పో పిల్లా. ఆయన్ని చంపుతావా?"

నా చోటు అంది. లేచి వెళ్ళి కూర్చున్నాను. లెక్క సాగింది. వేలు నన్ను దాటింది.

ఆ చలికాలం ఆయనకి రోజులు కలగలిసిపోవడం ఎక్కువైంది. పోయిన తన అక్క బతికి ఉన్నట్టు ఆమెకి కబురు పంపమనేవారు. రొట్టె కొనడానికి వెళ్ళి, ఎప్పుడో మూతపడ్డ తన బూట్ల దుకాణం తలుపు ముందు నిలబడి ఉంటే ఎవరో ఇంటికి తీసుకొచ్చారు. లెక్క మాత్రం తప్పేవారు కాదు.

మార్చిలో ఫ్రూమా సంవత్సరీకం వచ్చింది. వాళ్ళ పంచాంగం ప్రకారం ఆ ఏడు గురువారం పడింది. గోడ మీద ఇత్తడి పలకల్లో పోయినవాళ్ళ పేర్లుంటాయి, ఒక్కో పేరు పక్కన చిన్న బల్బు. ఆ వారం ఆమె బల్బు వెలిగించారు. మధ్యాహ్న ప్రార్థనకి పదిమంది రావాలి, గెర్షన్ గారు కద్దిష్ చెప్పాలి. అందరికీ ముందే చెప్పి ఉంచాడు మోరీ. నన్ను పిలవలేదు. నేనే వెళ్ళాను. వెళ్ళకపోతే ఆ చోటు ఖాళీగా ఉంటుందని వెళ్ళాను.

పొద్దుటి నుంచీ మంచు పడుతూనే ఉంది. నాలుగున్నరకి గదిలో తొమ్మిది మంది యూదులు, నేను. పక్క ఊరి నుంచి కారులో రావాల్సిన పదో మనిషి ఇంకా రాలేదు. నడవలో ఫోన్ మోగితే మోరీ వెళ్ళాడు. తిరిగొచ్చి ఎట్టా చెవిలో అన్నాడు గానీ, నాకూ వినిపించింది. "దారి మూసేశారట. రాలేడు."

ఎట్టా కళ్ళు మూసుకుంది. ఆ మాట గెర్షన్ గారికి ఎవరు చెప్పాలా అని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేలోపే, ఆయన లేచి వేలెత్తారు.

"ఒకటి కాదు," అని తన గుండె మీద పెట్టుకున్నారు. "రెండు కాదు. మూడు కాదు." వేలు వరసలో నడుస్తోంది. నా దగ్గరికి వచ్చినప్పుడు లేవలేదు, దిగలేదు. నన్ను ఆఖరుకి అట్టిపెట్టి మిగతా అందర్నీ ముగించుకుంది. "ఎనిమిది కాదు. తొమ్మిది కాదు." అప్పుడు వెనక్కి వచ్చింది. కిటికీ వైపుకి. నేరుగా నా మీద దిగింది.

"పది కాదు," అన్నారు గెర్షన్ గారు. ఆయన మొహం నిండా నవ్వు. "ఫ్రూమా వచ్చేసింది. ఇంక మొదలుపెట్టు మోరీ."

ఎవరూ కదల్లేదు. చనిపోయిన కూతురికి కద్దిష్ చెప్పడానికి, ఆ కూతుర్నే పదో మనిషిగా లెక్కపెట్టాడు తండ్రి.

మోరీ నా వైపు చూశాడు. తర్వాత పుస్తకం వైపు చూశాడు. చేత్తో మొహం తుడుచుకుని పేజీ తెరిచాడు. అతన్ని చూసి ఇంకొకరు తెరిచారు. గదంతా పేజీల చప్పుడు. వాళ్ళందరికీ తెలుసు. తెలిసే ఊరుకుంటున్నారు. నేను కూడా ఊరుకుంటే చాలు. పదకొండు నెలలుగా నేను కోరుకున్నది అదే కదా, ఆ వేలు నా మీద ఆగడం. ఆగింది. నేను తల కొంచెం పక్కకి వంచి కూర్చుంటే ఆ ముసలాయనకి కద్దిష్ దక్కుతుంది, నాకు చోటు దక్కుతుంది. మడమల దగ్గర చలి మోకాళ్ళ దాకా వచ్చింది. తడి ఉన్ని వాసన ముక్కుకి తగిలింది. ఆ క్షణంలో ఊరుకుంటే ఆ బెంచీ మీంచి ఇక ఎప్పటికీ నేనుగా లేవలేనని నాకు అనిపించింది. ఈ మనుషుల మధ్య నేను ఎన్నేళ్ళు బతికినా ఆమే బతుకుతుంది.

లేచి నిలబడ్డాను.

"గెర్షన్ గారూ, పది కాదండీ."

"అదేగా నేనూ అన్నది," అన్నారాయన నవ్వుతూనే. "పది కాదు."

"నిజంగానే పది కాదు. తొమ్మిది మందే ఉన్నారు."

ఎట్టా భుజం మీదుగా "థూ, థూ, థూ" అని మూడుసార్లు ఉమ్మింది. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. అంకెని ఉత్తగా, పక్కన 'కాదు' లేకుండా, మనుషుల మీద అనేశాను. మృత్యువు వింటూ ఉంటుందనే గదిలో, మేం ఎంతమందిమో గట్టిగా చెప్పేశాను.

గెర్షన్ గారి నవ్వు వెంటనే పోలేదు. మెల్లగా పోయింది. ఆయన నన్ను చూశారు. మొదటిసారి ఆ చూపు నన్ను దాటి వెళ్ళలేదు.

"మరి నువ్వెవరు?"

"ఊనాని. కుట్టు దుకాణం అమ్మాయిని. మీ అమ్మాయిని కాదండీ. ఇంకా యూదురాలిని కూడా కాను."

ఆయన కూర్చున్నారు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. "అవును," అన్నారు. "ఫ్రూమా రేవు మీద పోయింది." ఆ సంగతి ఆయనకి ఇప్పుడే ఎవరో కబురు తెచ్చినట్టు అన్నారు. నేనే తెచ్చాను ఆ కబురు.

మోరీ నా దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు గానీ పళ్ళ మధ్య నుంచి వస్తున్నాయి మాటలు. "నోరు మూసుకుని కూర్చుంటే నీ సొమ్మేం పోయేదమ్మాయ్? రెండు నిమిషాలు! దేవుడు కూడా చూసీచూడనట్టు పోయేవాడు."

"దేవుడు పోయేవాడేమో," అంది ఎట్టా వెనక నుంచి. "ఈ పిల్ల పోలేదు. నీకు చేతకానిది అది చేసింది. నాకూ చేతకాలేదు. నువ్వు కూర్చో మోరీ."

"కద్దిష్ ఎలా మరి?"

"లేదు. ఈ ఏడు లేదు. తొమ్మిది—" అని ఎట్టా నాలుక కరుచుకుంది. "సరిపోం కాబట్టి లేదు. అంతే."

నేను కోటు తీసుకున్నాను. ఒక చెయ్యి దూర్చాను, కోటు రెండో చెయ్యి దొరకలేదు. ఇంక ఇక్కడికి రాకూడదని అనుకున్నాను. ఒక ముసలాయన కూతుర్ని రెండోసారి చంపి, మళ్ళీ శనివారం ఏ మొహంతో వస్తాను? తలుపు దగ్గరికి వెళ్ళేసరికి గెర్షన్ గారు పిలిచారు.

"కుట్టు దుకాణం అమ్మాయ్."

ఆగాను.

"చదవడం వచ్చా నీకు?"

"నెమ్మదిగా వస్తుందండీ."

"నెమ్మదే కావాలి. గబగబా చదివేవాళ్ళు చాలామంది ఉన్నారు ఇక్కడ. వాళ్ళ మనసంతా ఇంట్లో ఉడికే చారు మీద." అని తన పక్కన బెంచీ మీద చేత్తో తట్టారు. "ఇటు రా. కద్దిష్‌కి పదిమంది కావాలి. కీర్తనకి అక్కర్లేదు. ఫ్రూమా పేరులో ఏ అక్షరాలున్నాయో, ఆ అక్షరాలతో మొదలయ్యే పద్యాలు చదువు. ఒక్కో అక్షరానికి ఎనిమిది. కళ్ళజోడు ఇంట్లో మరిచాను."

కళ్ళజోడు ఆయన జేబులోంచి కనిపిస్తూనే ఉంది. ఒక చెయ్యి కోటులో, ఒక చెయ్యి బయటా ఉన్నట్టే వెళ్ళి ముందు వరసలో ఆయన పక్కన కూర్చున్నాను. ఎట్టా వచ్చి నాకు ఇటు పక్కన కూర్చుంది. పుస్తకంలో అక్షరాల వరసలో సాగే పొడుగాటి కీర్తన తీసి నా ఒళ్ళో పెట్టి, "పే దగ్గర మొదలుపెట్టు," అంది.

హీబ్రూలో ఫ్రూమా పేరు మొదలయ్యే ఆ పే అక్షరం ఎనిమిది పద్యాలూ పలుకు పలుకూ కూడబలుక్కుని చదివాను. ఎవరూ ఇంటికి వెళ్ళలేదు. కిటికీలు నీలంగా మారాయి. ఇంకో దీపం ఎవరో వేశారు. తర్వాత అక్షరం రేష్. మొదటి మాట, నా బాధను చూడు అని దేవుణ్ణి అడిగే మాట. రేష్ అక్షరానికీ దలెత్ అక్షరానికీ తేడా వెనకవైపు ఒక చిన్న మూల, అంతే. ఆ వెలుతురులో రేష్‌ని దలెత్ అని చదివాను.

"రేష్!" అని అరిచాడు మోరీ.

"రేష్, రేష్! దలెత్ ఎక్కడిది?" అంది ఎట్టా నా చెవిలో.

వెనక వరసల్లోంచి కూడా అరిచారు. అందరూ ఒకేసారి, కోపంగా, పుస్తకాల మీద వేళ్ళు పొడుస్తూ. నేను బిత్తరపోయాను. గెర్షన్ గారు నా వైపు చూడకుండానే చెయ్యి ఊపారు. "మళ్ళీ చదువు. అక్షరం తప్పితే వేరే పేరవుతుంది. ఎవరిదో పేరు చదివించుకోవడానికి కూర్చోలేదు నేనిక్కడ."

మళ్ళీ చదివాను. వావ్‌లో రెండుసార్లు తప్పాను, రెండుసార్లూ కేకలేశారు. మేమ్‌లో ఒక్కటే తప్పు. ఆఖరి అక్షరం ఆలెఫ్. దానికి సొంత శబ్దం లేదు. నోరు తెరిచి, లోపలి ఊపిరిని కాస్త ఆపి ఉంచడమే ఆలెఫ్. నోరు తెరిచి ఆగాను. గదిలో అందరూ ఆగారు. ఆ ఆగినంతసేపూ నా వెనక మూడో వరస కిటికీ దగ్గర ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. నేను వెనక్కి తిరగలేదు. గెర్షన్ గారూ తిరగలేదు, కానీ ఆయన చెయ్యి బెంచీ అంచుని గట్టిగా పట్టుకుంది.

"ఆగకు పిల్లా," అంది ఎట్టా. "చదువు."